మోదుగ పూలు, మార్చి మబ్బులు: కెమెరా తీసుకుని వెళ్లాలా, ఆగాలా?

మీరు రాసినదాన్ని బట్టి సంగతి ఇది. హోలీ వారంలో హైదరాబాద్ నుంచి ఉట్నూరు వైపు చుట్టాలింటికి వెళ్తున్నారు, మూడు రోజులు ఉంటారు. మోదుగ పూలు తీయాలని కోరిక. చేతిలో క్రాప్ సెన్సర్ (కాస్త చిన్న సెన్సరు) కెమెరా, దాంతోపాటు వచ్చిన 18-55 లెన్సు, దూరంవి దగ్గరగా చూపే 55-250 ఇంకోటి ఉన్నాయి. కిందటేడు వెళ్తే ఒక పూట మంచు, ఒక పూట మబ్బు, చివరి సాయంత్రం వడగళ్లు. తెచ్చిన ఫొటోల్లో పూలన్నీ నారింజ రంగు ముద్దల్లా వచ్చాయి, రెక్కలేవో గుత్తులేవో తెలియట్లేదు. ఈసారి కూడా ఆ తేదీలకు ఎల్లో అలర్ట్ ఉంది. ప్రయాణం వాయిదా వేయాలా, చిన్నవాటిని బాగా దగ్గర నుంచి తీసే మాక్రో లెన్సు అద్దెకు తీసుకుంటే పని జరుగుతుందా అని అడిగారు.

వాయిదా వేయకండి, మాక్రో కూడా వద్దు. వాతావరణం కుదుటపడ్డాక వెళ్దామని కూర్చుంటే ఈలోపు పూలు రాలిపోతాయి. చలి తగ్గి ఎండ ముదిరే ఆ నెలన్నర రోజుల్లో మన దగ్గర నిలకడ అంటూ ఉండదు. తెల్లవారుజామున దుప్పటి వదలబుద్ధి కాదు, పదకొండింటికి నీడ వెతుక్కుంటాం, నాలుగింటికి ఎక్కడో ఉరుముతుంది. మోదుగ సరిగ్గా అప్పుడే పూస్తుంది. కాబట్టి ఫలానా ఫొటోనే తీయాలని ఇంటి దగ్గరే గీసుకుని వెళ్లకండి. చెట్టును ముందు ఖాయం చేసుకోండి, దాన్ని ఎంత దూరం నుంచి తీయాలన్నది ఆ పూట ఆకాశాన్ని బట్టి తేల్చుకోండి. మంచు ఉంటే చెట్టు మొత్తం, దూరం నుంచి. మబ్బు ఉంటే గుత్తి, దగ్గర నుంచి. ఎండ ఉంటే వెలుగుకు ఎదురుగా నిలబడి రెక్క. వాన వెలిస్తే నేల, కాండం. మిగతాదంతా వీటికి వివరమే.

ముందు అలర్ట్ సంగతి. ఎల్లో అలర్ట్ అంటే కాస్త కనిపెట్టుకుని ఉండమని. అది జిల్లాకంతటికీ కలిపి ఇచ్చేది. ఈ కాలంలో పడే వాన జిల్లా అంతా ఒకేలా పడదు. పగలు నేల కాగుతుంది, బంగాళాఖాతం వైపు నుంచి వచ్చే తేమ గాలి తోడవుతుంది, మధ్యాహ్నం దాటాక మేఘం నిలువునా పెరుగుతుంది. ఒక మండలంలో వడగళ్లు కురుస్తుంటే పక్క మండలంలో దుమ్ము మాత్రమే లేస్తుంది. 2023 మార్చి మధ్యలో తెలంగాణలో మామిడినీ మొక్కజొన్ననూ దెబ్బతీసిన వడగళ్ల వానలు మీకు గుర్తుండే ఉంటాయి. అలాంటి రోజులు వస్తాయి, కాదనను. కానీ ఎక్కువగా గోల అంతా మధ్యాహ్నం తర్వాతే. పొద్దుటి పూటలు చాలావరకు మీవే. టీవీలో 'ద్రోణి (తక్కువ ఒత్తిడి పట్టీ) ప్రభావంతో' అంటూ రెండు మూడు రోజులు వరసగా చెప్తున్నారంటే పగలంతా మబ్బు పట్టి ఉండొచ్చు. అదొస్తే సంతోషించండి, ఎందుకో కింద చెప్తాను.

రోజులు లెక్కపెట్టుకుని చూసే ఏడు రోజుల సూచనల మీద ఎక్కువ ఆధారపడొద్దు. రాత్రి పడుకునే ముందు వాతావరణ శాఖ జిల్లా సూచన ఒకసారి చూడండి. మధ్యాహ్నం నుంచి వాళ్లే ఇచ్చే నౌకాస్ట్, అంటే రాబోయే మూడు గంటల సూచన, చూడండి. రాడార్ చిత్రం చదవడం అలవాటు చేసుకుంటే ఇంకా మంచిది. ఉట్నూరు హైదరాబాద్‌కీ నాగపూర్‌కీ మధ్యలో ఉంటుంది, రెండు చోట్లా రాడార్లున్నాయి, రెండూ తెరిచి పెట్టుకోండి. మేఘం ఎటు కదులుతోందో నాలుగు చిత్రాలు వరసగా చూస్తే తెలిసిపోతుంది. పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం వాళ్ల 'దామిని' యాప్ పిడుగుల కోసం ఫోన్‌లో తప్పకుండా ఉండాలి.

ఇక చెట్టు. మొదటి రోజు మధ్యాహ్నం వెలుగు ఎలాగూ బాగుండదు, ఆ పూట ఫొటోలు తీయకుండా చెట్లు వెతకడానికి పెట్టుకోండి. అడవిలోకి పోనక్కర్లేదు. కవ్వాల్ టైగర్ రిజర్వ్ లోపల రోడ్డు దిగి చెట్ల మధ్యకు వెళ్లడం కుదరదు, వెళ్లకూడదు కూడా. బయట చేల గట్ల మీద, చెరువు కట్టల కింద, రోడ్డు పక్క బీళ్లలో మోదుగలు కావలసినన్ని ఉంటాయి. చేనులోకి దిగే ముందు ఆ రైతునో, అక్కడ పని చేసుకుంటున్న వాళ్లనో ఒక మాట అడగండి. అడిగితే కాదనేవాళ్లు తక్కువ, పైగా 'ఇది కాదు సార్, అదుగో ఆ వాగు పక్కన చూడండి, ఇంకా బాగా పూసింది' అని దారి చూపిస్తారు.

చెట్టులో నేను చూసేవి మూడు నాలుగు ఉంటాయి. కనీసం ఒక కొమ్మ మన తల ఎత్తుకి దిగి ఉండాలి. తూర్పు వైపు ఖాళీగా ఉండాలి, పొద్దుటి ఎండ అడ్డం లేకుండా పడాలి. వెనకాల కరెంటు తీగలు, సెల్ టవర్ ఉండకూడదు. ఇది చెప్పినంత తేలిక కాదు, అందంగా పూసిన ప్రతి మోదుగ వెనకా ఒక ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుందని నా అనుమానం. వెనక గుట్ట గానీ టేకు చెట్లు గానీ ఉంటే చాలా మంచిది. ఆ రోజుల్లో టేకు కూడా ఆకు రాల్చి బూడిద రంగులో నిలబడి ఉంటుంది, దాని ముందు మోదుగ రంగు బాగా పైకి తేలుతుంది. నాలుగోది, వాన భయం ఉన్నప్పుడు ముఖ్యమైనది: నిండా పూసిన చెట్టును ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. ఒకే చేనులో ఒక చెట్టు విరగబూసి ఉంటుంది, పక్కది ఇంకా సగం మొగ్గలతో ఉంటుంది. వడగళ్లు పడితే విచ్చిన పూలు రాలతాయి గానీ మొగ్గ తొడిగిన గుత్తి చాలావరకు తట్టుకుంటుంది. రెండో చెట్టును కూడా గుర్తుపెట్టుకోండి. మూడు రోజులూ ఆ చుట్టుపక్కలే తిరగండి. అరవై కిలోమీటర్లు కారు తోలి కొత్త చెట్టు దగ్గరికి చేరేసరికి మంచి వెలుగు కాస్తా పోతుంది.

మంచు ఎప్పుడు పడుతుందో ముందురోజు రాత్రే కొంత ఊహించొచ్చు. సాయంత్రం వాన పడి, తర్వాత ఆకాశం తేటపడి చుక్కలు కనిపిస్తూ, గాలి ఆగిపోతే మర్నాడు పొద్దున మంచుకు అవకాశం బాగా ఉంటుంది. చెరువు పక్కన, నీళ్లు పారిన చేల మీద ఇంకా ఎక్కువ. సూర్యోదయం ఆరున్నరకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది, మీరు ఆరింటికల్లా చెట్టు దగ్గర ఉండాలి. ఆ వేళ గుత్తులను తీయబోతే అంతా బూడిద రంగే. వెనక్కి జరగండి, యాభై నుంచి వంద మీటర్లు. 55-250ని 100కీ 200కీ మధ్య పెట్టి చెట్టునంతా తీసుకోండి. ఆకు లేని కొమ్మల గీతలు, వాటి మీద రంగు మచ్చలు, వెనక ఏమీ లేదు. ఎండ రోజున ఎంత వెతికినా దొరకని శుభ్రమైన వెనకభాగం మంచు ఊరికే ఇస్తుంది. ఆ ట్రాన్స్‌ఫార్మర్ కూడా మాయమవుతుంది.

వెలుగు కొలిచే కెమెరా మీటర్‌కు మంచు అర్థం కాదు, తెల్లదాన్ని బూడిద రంగు చేస్తుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫొటో వెలుగును పెంచే, తగ్గించే సర్దుబాటు) ప్లస్ 2/3 నుంచి ప్లస్ 1 దాకా పెంచండి. ఆటోఫోకస్ ముందుకీ వెనక్కీ కొట్టుకుంటుంటే ఫోకస్ పాయింట్‌ను కాండం అంచు మీద పెట్టండి, అక్కడ నలుపూ తెలుపూ తేడా ఉంటుంది కాబట్టి పట్టుకుంటుంది. ఫ్రేమ్‌లో దగ్గరి వస్తువు ఒకటి, గట్టు మీద గడ్డో కంచె రాయో ఉంటే మంచు ఎంత చిక్కగా ఉందో చూసేవాళ్లకు తెలుస్తుంది. ఎండ పొడ మొదలయ్యాక మంచు విడిపోయే ముందు కాసేపు చెట్టు వెనక నుంచి వెలుగు పసుపుగా దిగుతుంది. ఆ కాసేపటి కోసమే అంత పొద్దున లేచాం కాబట్టి అప్పుడు లెన్సులు మారుస్తూ, టీ తాగుతూ ఉండకండి.

ఇప్పుడు మీ అసలు బాధ, ఆ నారింజ ముద్ద. దీనికి వాతావరణాన్నీ లెన్సునీ తప్పుపట్టి లాభం లేదు. కెమెరాలో ప్రతి చుక్కకీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు లెక్కలుంటాయి. మోదుగ రంగులో ఎరుపు విపరీతం, ఆకుపచ్చ కొంచెం, నీలం లేనట్టే. మీటర్ మొత్తం వెలుగును చూసి 'సరిపోయింది' అంటుంది, అప్పటికే ఎరుపు లెక్క నిండిపోయి ఉంటుంది. ఎరుపు గరిష్ఠానికి చేరాక ఒక రెక్కకీ దాని వెనక రెక్కకీ తేడా చూపడానికి ఇంకేమీ మిగలదు. అదే మీకు కనిపించిన ముద్ద. ఇంకో చిక్కేమిటంటే కెమెరాలో మామూలుగా కనిపించే ఒంటి తెల్ల హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుగు ఎంతెంత ఉందో చూపే గ్రాఫ్) దీన్ని దాచేస్తుంది. ఆ గ్రాఫ్ వేసే లెక్కలో ఆకుపచ్చకే పెద్దపీట, ఎరుపు వాటా మూడో వంతు కూడా ఉండదు. అది చూసి అంతా క్షేమమే అనుకుంటాం.

మెనూలోకి వెళ్లి మూడు రంగుల హిస్టోగ్రామ్ పెట్టుకోండి. మీ కెమెరాలో ఫొటో తీశాక చూసే తెరలో ఇన్ఫో బటన్ నొక్కితే వస్తుంది. ఎరుపు గ్రాఫ్ కుడి గోడకు అతుక్కోకుండా ఉండేదాకా ఎక్స్‌పోజర్ తగ్గించండి. మబ్బులో మైనస్ 2/3తో మొదలుపెట్టండి, నేరుగా ఎండ పడుతున్న పువ్వైతే మైనస్ 1, ఒక్కోసారి ఇంకా కిందికి. తెర మీద ఫొటో చీకటిగా, ఉసూరుమంటూ కనిపిస్తుంది. కనిపించనివ్వండి. రా ఫైల్‌లో (సెన్సరు పట్టింది పట్టినట్టు దాచే ఫైలు) తీస్తే కొమ్మల చీకటిని తర్వాత పైకి తేవచ్చు, పోయిన ఎరుపు మాత్రం తిరిగి రాదు. పిక్చర్ స్టైల్ 'వివిడ్' మీద గానీ 'ల్యాండ్‌స్కేప్' మీద గానీ ఉంటే న్యూట్రల్‌కు మార్చండి. ఆ రెండూ రంగు చిక్కదనం పెంచుతాయి, మోదుగకు అసలే చిక్కదనం ఎక్కువ. రా తీస్తున్నా ఇది మార్చాలి, ఎందుకంటే తెర మీద కనిపించే హిస్టోగ్రామ్ ఆ స్టైల్ వేసిన జేపెగ్‌ది.

వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనిపించేలా రంగు సరిచేసే సెట్టింగు) ఆటోలో వదలొద్దు. ఫ్రేమ్ నిండా నారింజ ఉంటే కెమెరా దాన్ని బల్బు వెలుగు అనుకుని నీలం కలుపుతుంది, పువ్వు గులాబీ రంగులోకి జారుతుంది, పక్క ఫొటోలో మళ్లీ ఇంకో రంగు. డేలైట్‌లో పెట్టి వదిలేయండి, 5200 కెల్విన్ దగ్గర. మబ్బు ఉంటే 'క్లౌడీ'కి మార్చమని చాలామంది చెప్తారు. మనుషుల ముఖాలకు అది మంచిదే. ఇక్కడ మాత్రం అది ఎరుపును ఇంకా పెంచుతుంది, ముద్ద ఇంకా త్వరగా అవుతుంది. నేనైతే మబ్బులో కూడా డేలైటే వాడతాను, ఇంటికొచ్చాక కాస్త వెచ్చదనం కలుపుకుంటాను.

మబ్బు పడితే సంతోషించమన్నది ఇందుకే. నేరుగా ఎండ పడిన మోదుగ పువ్వులో ఒకవైపు మెరుపు, ఒకవైపు కటిక నీడ, మధ్యలో ముద్ద. పల్చటి మబ్బు పట్టినప్పుడు పువ్వును దగ్గరగా చూడండి. అడుగున నల్లగా, వెల్వెట్ అంటించినట్టుండే చిన్న గిన్నె. అందులోంచి ఐదు రెక్కలు: ఒకటి వెనక్కి విచ్చుకుని, రెండు పక్కలకు, కింది రెండూ కలిసిపోయి చిలకముక్కులా వంగి. రెక్కల మీద సన్నటి నూగు. వెలుగు పక్కవాటుగా పడితే ఆ నూగు వెండి పూత పూసినట్టు కనిపిస్తుంది, ఎదురుగా పడితే కనిపించదు. మీ ఫొటోలో ఆ నూగు తెలుస్తోందంటే ఎక్స్‌పోజర్ సరిగ్గా కుదిరినట్టే. హిస్టోగ్రామ్ కంటే నాకు అదే గురి.

మాక్రో లెన్సు ఎందుకు వద్దంటే, మోదుగ పువ్వు ఒక్కటే నాలుగైదు సెంటీమీటర్లు ఉంటుంది, గుత్తి జానెడు ఉంటుంది. మాక్రో అవసరమయ్యేంత చిన్నది కాదు. పైగా కొమ్మలు ఎత్తులో ఉంటాయి, మాక్రోతో పువ్వుకు అడుగు దూరంలోకి వెళ్లాలంటే నిచ్చెన కావాలి. మీ 55-250 చాలు. రెండు మీటర్ల దూరం నుంచి 250 దగ్గర, ఎఫ్ 8 ఎపర్చర్‌లో (లెన్సు రంధ్రం కొలత) తీస్తే ముందూ వెనకా కలిపి సుమారు రెండు సెంటీమీటర్ల మందమే స్పష్టంగా వస్తుంది. నాలుగు సెంటీమీటర్ల పువ్వు మీ వైపు ముక్కు పెట్టి ఉంటే సగం మసకే. అందుకని పువ్వు పక్కవాటుగా, కెమెరాకు సమాంతరంగా ఉండేలా మీరు జరగండి. ఆ ముక్కు వంపు, నల్ల గిన్నె అంచు రెండూ ఒకే వరసలో ఉంటే పని అయిపోయినట్టే. ఫోకస్ గిన్నె అంచు మీద పెట్టండి, నలుపూ నారింజా కలిసే చోటు కాబట్టి కెమెరా తేలిగ్గా పట్టుకుంటుంది. అద్దె డబ్బులు మిగిలితే ఒక పోలరైజర్ (మెరుపును తగ్గించే, తిప్పే ఫిల్టర్) కొనుక్కోండి.

గాలి గురించి పెద్దగా చెప్పేదేం లేదు. తొమ్మిదింటిలోపు తక్కువగా ఉంటుంది, తర్వాత విసురుగా వచ్చి ఆగుతుంది. ఆగినప్పుడు తీయండి. షట్టర్ 1/500 కంటే తగ్గనివ్వొద్దు, అందుకోసం ఐఎస్ఓ (వెలుగును కెమెరా ఎంత పెంచి చూపాలన్న అంకె) 800, 1600 దాకా పోయినా భయపడొద్దు. గింజలు (నాయిస్) పడ్డ ఫొటోను బాగుచేసుకోవచ్చు, కదిలిపోయిన ఫొటోను ఏమీ చేయలేం. కొమ్మను తాడుతో కట్టి వంచడం, విరిచి తెచ్చి నీడలో పెట్టి తీయడం దయచేసి వద్దు. ఈ మధ్య రీల్స్ కోసం గుత్తులకు గుత్తులు విరిచి పారేస్తున్నారు, చూస్తే కడుపు మండుతుంది.

ఎండ బాగా కాస్తే చెట్టు నీడలోకి వెళ్లి పైకి చూడండి. ఆకు ఉండదు కాబట్టి నీడ అంటే కొమ్మల నీడే. 18-55 పెట్టి, పువ్వు సూర్యుడికీ మీకూ మధ్య వచ్చేలా నిలబడితే రెక్కల్లోంచి వెలుగు దిగి పువ్వు లోపలి నుంచి వెలిగినట్టు ఉంటుంది. ఇక్కడ స్పాట్ మీటరింగ్ (ఒక్క చోటే వెలుగు కొలవడం) వాడి రెక్క మీద లెక్క చూసుకోండి, మళ్లీ ఎరుపు గ్రాఫ్‌ను గమనించుకుంటూ. సూర్యుణ్ణి కొమ్మ చాటున దాచండి. ఆకాశం నీలంగా ఉంటేనే ఈ పని. మార్చిలో చాలా మధ్యాహ్నాలు ఆకాశం తెల్లగా, సున్నం కొట్టినట్టు ఉంటుంది. అప్పుడు పైకి చూడటం మానేసి కింద రాలిన పూలను చూసుకోండి, లేదా భోంచేసి పడుకోండి.

పొద్దున ఎండలో ఇంకో పని ఉంది, పిట్టలు. మోదుగలో తేనె ఉంటుంది, తేనెపిట్టలు, గోరింకలు, పికిలిపిట్టలు, చిలకలు దానికోసం ఎగబడతాయి. ఉడతలు కూడా. పిట్ట వెనక కెమెరా తిప్పడం మొదలుపెడితే మెడ పట్టేస్తుంది, ఫొటో రాదు. వెలుగు బాగా పడుతున్న ఒక గుత్తిని ఎంచుకుని, దాని మీద ఫోకస్ చేసి, 1/1000 పెట్టుకుని కదలకుండా నిలబడండి. అవి ఒక్కో గుత్తికీ తిరిగి తిరిగి వస్తాయి. మగ తేనెపిట్ట ఈ కాలంలో నీలి నలుపులో నిగనిగలాడుతుంటుంది, నారింజ మీద దానంత బాగా కుదిరే రంగు లేదు. అది నల్లగా ఉంది కదా అని ఎక్స్‌పోజర్ పెంచారో, పూలు మళ్లీ ముద్దవుతాయి. పిట్ట కాస్త చీకట్లోనే ఉండనివ్వండి.

వాన. మూడు రోజుల్లో మీకు దొరికే అత్యంత గొప్ప వెలుగు వానకు ముందు ఒక పావుగంట ఉండొచ్చు. సాయంత్రం నాలుగున్నర, ఐదు. పడమట ఇంకా ఎండ ఉంటుంది, తూర్పున మేఘం సీసం రంగులో పైకి లేస్తుంది. ఎండ పడిన మోదుగ వెనక ఆ నల్లటి ఆకాశం. దీనికోసం చెట్టుకు పడమటి వైపు నిలబడే చోటు మొదటి రోజే చూసి పెట్టుకోవాలి. వెనకంతా చీకటి కాబట్టి మీటర్ పొరబడి పూలను కాల్చేస్తుంది, మైనస్ 1 తగ్గకుండా పెట్టండి.

కానీ ఇక్కడే ప్రాణం మీదికి తెచ్చుకునే ప్రమాదం. చేనులో ఒంటరిగా నిలబడ్డ చెట్టు పిడుగుకు మొదటి చిరునామా, దాని పక్కన మీరు ట్రైపాడ్‌తో. మెరుపు కనిపించిన దగ్గర్నుంచి ఉరుము వినిపించేదాకా లెక్కపెట్టండి. ముప్పై సెకన్లలోపు వినిపిస్తే మేఘం పది కిలోమీటర్ల లోపే ఉన్నట్టు, వెంటనే కారులోకో ఇంట్లోకో వెళ్లిపోవాలి, చెట్టు కిందికి కాదు. ఆఖరి ఉరుము వినిపించాక అరగంట దాకా బయటికి రావొద్దు. దామిని యాప్ మోగితే ఇక లెక్కలు కూడా వద్దు. 'ఇంకొక్క ఫొటో' అని చెట్టు దగ్గరే ఆగిపోయేవాళ్లను చూశాను, వాళ్లకు ఏమీ కాకపోవడం అదృష్టం తప్ప తెలివి కాదు.

వాన వెలిశాక రెండో పని మొదలవుతుంది. తడిసిన మోదుగ కాండం నల్లబడుతుంది, కొమ్మలు కూడా. మామూలుగా మట్టి రంగులో ఉండి ఫొటోలో చిరాగ్గా కనిపించే కొమ్మలన్నీ ఒక్కసారి సిరాతో గీసినట్టు అవుతాయి. పూల మీది నూగు నీటి చుక్కలను పట్టుకుని ఉంటుంది. కొందరు స్ప్రే బాటిల్‌తో చుక్కలు కొడతారు. అది మోసమని నేననను గానీ, వాన చుక్కలు కొమ్మ కింది అంచున వరసగా వేలాడతాయి, స్ప్రే చుక్కలు అన్ని వైపులా ఒకే సైజులో అంటుకుంటాయి, చూసిన కంటికి తెలిసిపోతుంది. కింద నేల మీద రాలిన పూలు ఎర్రమట్టిలోనో నల్లరేగడిలోనో పరుచుకుని ఉంటాయి. నల్లరేగడి అయితే మీ పంట పండినట్టే. మోకాళ్ల ఎత్తులో వంగి, 18-55ను 35 దగ్గర పెట్టి తీయండి, కాండం ఒక అంచున తగిలేలా. పువ్వులను చేత్తో సర్దకండి, ఎంత జాగ్రత్తగా సర్దినా సర్దినట్టే ఉంటాయి. తడి మెరుపు ఎక్కువైతే పోలరైజర్ తిప్పండి. అది ఒకటిన్నర, రెండు స్టాపుల వెలుగు (ఒక స్టాపు అంటే వెలుగు సగానికి తగ్గడం) తినేస్తుంది, ఆ మేరకు ఐఎస్ఓ పెంచుకోవాలి.

కెమెరా తడవకుండా పెద్ద పాలిథీన్ కవరు, రెండు రబ్బరు బ్యాండ్లు చాలు. కవరు మూలలో లెన్సు పట్టేంత చిల్లు చేసి, హుడ్ చుట్టూ బ్యాండ్ వేసుకోండి. వాన కంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఆవిరి. ఏసీ కారులో చల్లబడ్డ కెమెరాను వాన వెలిసిన తేమ గాలిలోకి తీస్తే లెన్సు మీద పొగమంచు పడుతుంది, తుడిచిన కొద్దీ మళ్లీ పడుతుంది. చెట్టు దగ్గరికి చేరడానికి పావుగంట ముందే ఏసీ ఆపి అద్దాలు దించండి. తెల్లవారుజామున దీనికి తిరగబడి జరుగుతుంది: బయట చలికి చల్లబడ్డ కెమెరాను వెచ్చటి గదిలోకి తెస్తే ఆవిరి పడుతుంది. బయటే బ్యాగులో పెట్టి జిప్ వేసి లోపలికి తెచ్చి, కాసేపు తెరవకుండా ఉంచండి. మెమరీ కార్డు ముందే తీసి పెట్టుకుంటే ఫొటోలు చూడాలనే ఆత్రం కూడా తీరుతుంది.

రోజంతా వాన కురిసి బయటికి వెళ్లలేకపోతే హోలీ సమయం కదా, ఒక అవకాశం ఉంది. ఆ వైపు గోండు గూడేల్లో మోదుగ పూలను నీళ్లలో ఉడికించి రంగు తీస్తారు. మీ చుట్టాలకు తెలిసినవాళ్లెవరైనా ఉంటే వాళ్ల ద్వారా అడిగి వెళ్లండి. పొయ్యి వెలుగు, ఆవిరి, గిన్నెలో తేలే పూలు, ఇదంతా చూరు కిందే జరుగుతుంది కాబట్టి వాన అడ్డం కాదు. ముందు కాసేపు కూర్చుని మాట్లాడండి, కెమెరా తర్వాత తీయొచ్చు. తీసిన ఫొటోలు ప్రింటు వేయించి వాళ్లకు పంపించండి, వాట్సాప్ కాదు, ప్రింటు.

మీతో వచ్చే తమ్ముడి దగ్గర ఫోన్ మాత్రమే ఉందన్నారు. ఫోన్‌లో పువ్వు మీద వేలు నొక్కి పట్టుకుంటే ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ అవుతాయి, పక్కనొచ్చే సూర్యుడి గుర్తును కిందికి లాగితే వెలుగు తగ్గుతుంది. బాగా తగ్గించమనండి. దగ్గరికి వెళ్లి వైడ్‌లో తీయడం కంటే రెండు రెట్ల, మూడు రెట్ల లెన్సు ఉంటే అది వాడితే వెనకాల శుభ్రంగా వస్తుంది. బ్యూటీ, ఏఐ సీన్ లాంటివి ఆపేయాలి, అవి పువ్వును చూడగానే రంగు దట్టిస్తాయి. మంచులో చెట్టు మొత్తం తీయడానికి ఫోన్ కూడా ఏమీ తీసిపోదు.

ఇంటికొచ్చాక ఎడిటింగ్. అందరూ ముందు పట్టుకునేది సాచురేషన్ స్లైడర్, మోదుగకు దాని జోలికి వెళ్లొద్దు. నేను చేసే వరస ఇది: ముందు వైట్ బ్యాలెన్స్‌ను ఐదారు వందల కెల్విన్ అటూ ఇటూ జరిపి, వెనకున్న టేకు కాండాలు బూడిద రంగులో, నిజంలో ఉన్నట్టు కనిపించేదాకా చూస్తాను. పువ్వును చూసి వైట్ బ్యాలెన్స్ సరిచేయబోతే ఎప్పటికీ తేలదు. తర్వాత నీడలు కొద్దిగా పైకి. ఆ తర్వాత రంగుల ప్యానెల్‌లో ఆరెంజ్, రెడ్ రెండింటి సాచురేషన్ పది, పదిహేను తగ్గించి, ల్యూమినెన్స్ (ఆ రంగు వెలుగు) కూడా కొద్దిగా తగ్గిస్తాను. అప్పుడు రెక్కల మధ్య గీతలు బయటికొస్తాయి. మంచు ఫొటోలకు డీహేజ్ (మసక తీసేసే స్లైడర్) ముట్టుకోను, ముట్టుకుంటే అంత పొద్దున లేచి వెళ్లింది దేనికి? చివరగా ఎస్ఆర్‌జీబీలో (మామూలు తెరలు చూపే రంగుల పరిధి) జేపెగ్ తీసేటప్పుడు ఇంకోసారి చూడండి, ఆ పరిధికి పట్టని నారింజ మళ్లీ ఒకే రంగుగా నొక్కుకుపోతుంది. అలా జరిగితే ఆరెంజ్ సాచురేషన్ ఇంకో ఐదు తగ్గించి మళ్లీ తీయండి. కిందటేడాది ఫొటోలు రాలో తీసి ఉంటే పారేయకండి, అందులో రెండు మూడింటికైనా ఈ వరస పనిచేయొచ్చు. ఎరుపు పూర్తిగా పోనివి ఏవో మూడు రంగుల హిస్టోగ్రామ్‌లో చూసి, ముందు వాటితో చేయి తిప్పుకోండి.